పలక లేదు

జనవరి ఇరవై మూడవ తేదీన, మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకూ సాయంత్రం ఐదు నలభైకీ మధ్య, నా మనుమరాలు ధాత్రిని పేరు పెట్టి కనీసం అరవై సార్లు పిలిచారు. పిలిచినవారిలో ఆమె తరగతి టీచరు ఉన్నారు, బడిలో అన్నం వండే పోలమ్మ ఉంది, నా కూతురు సుమిత్ర ఉంది, నేనూ ఉన్నాను. ధాత్రి మా పిలుపు అందే దూరంలో, ఒకసారి పన్నెండు అడుగుల్లోనే, పూర్తి స్పృహతో, నోటికి ఏ అడ్డూ లేకుండా ఉంది. ప్రతి పిలుపూ విన్నది. ఎవరు ఎన్నిసార్లు పిలిచారో తరువాత చెప్పగలిగింది కూడా. ఒక్క పిలుపుకూ పలకలేదు.

ఈ చివరి మాటను కలిపి రాస్తున్నాను. ఒకప్పుడు నేనే దీన్ని విడదీశాను. చెప్పబోయేదంతా ఆ విడదీతకు ముందూ వెనకా జరిగినదే.

విశ్వవిద్యాలయంలో ముప్పై నాలుగేళ్ళు విద్యా మూల్యాంకనం బోధించి పదవీ విరమణ చేశాను. పిల్లవాడికి ఏమి వచ్చిందో, ఎంత వచ్చిందో, వచ్చిందని మనం ఎలా చెప్పగలమో తేల్చడం నా వృత్తి. నా విద్యార్థుల్లో నీలకంఠం ఒకడు. చదువు ముగించాక విశాఖలో ఒక పరిశోధనశాలలో చేరి, పన్నెండేళ్ళు ఒకే వస్తువు మీద పనిచేశాడు. అది సిద్ధమైన రోజున నన్ను పిలిపించి నా ముందు పెట్టాడు. మేము అక్షరాలు దిద్దుకున్న రాతిపలకంత పరిమాణం, చుట్టూ చెక్క చట్రం, మధ్యలో నల్లని గాజు. ఆ చట్రం అవసరం లేదట. చూడగానే పలక అనిపించాలని పెట్టించాడు.

నాలుగు వేల తొమ్మిది వందల ఇరవై రెండును ఇరవై మూడుతో భాగించమన్నాడు. ఐదవ తరగతి లెక్క. వేలితో గాజు మీద చేస్తూ పోయాను. రెండవ మెట్టులో, పైనున్న అంకె దించుకోవడం మరిచాను. మరిచానని నాకు తెలియకముందే ఆ అంకె మెల్లగా వెలిగి, కిందికి జారి, తన చోట నిలబడింది. ఎవరూ తప్పు అనలేదు. గంట మోగలేదు. నేనే దించుకున్నానేమో అని ఒక క్షణం అనుకున్నాను.

వేలి ఒత్తిడి, వేలి చివరి చెమట, కనుపాప కదలిక, ఊపిరి — ఈ నాలుగూ చూసి, మనిషికి తన సందేహం తెలియడానికి దాదాపు రెండు సెకన్ల ముందే అది పసిగడుతుంది. పాఠంతో ఆగదు. పిల్లకు దాహం వేసినా, ఒకటికి వెళ్ళవలసి వచ్చినా, తల నొప్పి పుట్టినా టీచరు ముంజేతి పట్టీ మీద ఆ పిల్ల పేరు వెలుగుతుంది. పిల్ల చెయ్యి ఎత్తనక్కరలేదు. నోరు విప్పనక్కరలేదు. దానికి అతను ఎరుక పలక అని పేరు పెట్టాడు.

నీలకంఠానికి నత్తి. మూడవ తరగతిలో ఒకనాడు "టీచర్, ఒకటికి" అనే రెండు మాటలు అనడానికి లేచి నిలబడి, మొదటి అక్షరం దగ్గరే నిమిషం సేపు ఆగిపోయాడు. క్లాసు నవ్వింది. నిక్కరు తడిసింది. ఆ సంగతి ఆ రోజు నాకు చాలా నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పి, "అ... అడగాల్సిన అవసరమే లేని బడి ఒకటి ఉండాలి, మేడమ్" అన్నాడు. ఈ వస్తువు దయలో నుండి పుట్టింది. నేను ఈరోజుకీ ఆ మాట వెనక్కి తీసుకోను. కీడు దుర్బుద్ధి నుండే పుడుతుందని నమ్మేవారికి నా కథ పనికిరాదు.

ఉపాధ్యాయుల అభిప్రాయం తెలియకుండా తరగతి గదిలోకి ఏ సాధనమూ వెళ్ళకూడదని నేను ఎన్నో ఏళ్ళుగా వాదించిన మనిషిని. అందుకని ఆ పలకను బడుల్లో పరీక్షించి చూసే బాధ్యత ప్రభుత్వం నాకే అప్పగించింది. నూట ఎనభై ప్రాథమిక పాఠశాలలు, ఆరువందల పన్నెండు మంది ఉపాధ్యాయులు, పద్నాలుగు నెలలు. నాగావళి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, మా వీధి చివరనున్న బడి ఆ నూట ఎనభైలో ఒకటి. ధాత్రిని ప్రైవేటు బడి మాన్పించి అందులో చేర్చమని సుమిత్రకు చెప్పింది నేను. ఇతరుల పిల్లల మీద చేసే ప్రయోగంలో మన పిల్ల లేకపోవడం అన్యాయమని వాదించాను. వాదనలో నన్ను గెలవడం నా కూతురికి చిన్నప్పటి నుండీ అలవాటు లేదు.

మొదటి శిక్షణ తరగతి జిల్లా కేంద్రంలో జరిగింది. నేను పలక పనితీరు వివరించగానే వెనక వరుసలో ఒక మాస్టారు "ఎరుక చెబుతానమ్మా, ఎరుక! ఉన్నదున్నట్టు చెబుతాను" అని సోదెమ్మలా రాగం తీశారు. హాలంతా నవ్వింది. ఇంకొకరు, ఇక మనం గంట కొట్టడానికేనా అని అడిగారు. మాటలు ముదిరాయి. రిజిస్టర్ల రాత తగ్గుతుందంటే మాకు ఇదే చాలునన్నారు కొందరు. తన దగ్గర మూడేళ్ళుగా గోడవారన కూర్చునే పిల్ల ఒకతె ఉందనీ, ఆ పిల్లకు దేనివల్లనైనా భాగహారం వస్తే ఆ వస్తువుకు దండం పెడతాననీ ఒక యువతి అన్నది. నెల తరువాత ఆ పిల్లకు భాగహారం వచ్చింది. అదీ నా నివేదికలో ఉంది.

ఆ సభలో ఒక్కరే నన్ను ప్రశ్న అడిగారు. మా ఊరి బడి నుండి వచ్చిన మజ్జి కనకం. యాభై దాటిన మనిషి, ధాత్రి తరగతికి ఆవిడే టీచరు. లేచి నిలబడి, "హాజరు మట్టుకు నేను పిలుచుకోవచ్చాండీ?" అన్నారు.

హాజరు పలకే వేసుకుంటుందనీ, పిల్ల పలక ముట్టుకోగానే నమోదవుతుందనీ చెప్పాను. నలభై పేర్లు పిలిచి, నలభై జవాబులు విని, గుర్తు పెట్టడానికి రోజుకు పదకొండు నిమిషాలు పడుతుందని అప్పటికే కొలిచి ఉన్నాను. ఏడాదికి అది ఏడు పనిదినాలు. ఆ లెక్క బోర్డు మీద రాసి చూపించాను.

"అవునండీ, టైము కలిసొస్తాది," అన్నారు కనకం టీచరు. "కాని పేరెట్టి పిలిస్తే పిల్లగుంట పలుకుతాది కదండీ. పొద్దున్నే ఆ ఒక్క మాటైనా ఆడతాదని."

నేను ఆవిడ మాటను గౌరవంగా రాసుకున్నాను. అభ్యంతరం, భావోద్వేగ సంబంధి, తీవ్రత స్వల్పం. అలా వర్గీకరించాను.

ఉపాధ్యాయులు రోజూ సాయంత్రం ఒక ఫారం నింపాలి. "నేటి తరగతిలో మీరు గమనించిన ఇబ్బంది ఒకటి రాయండి." కింద ఒక్క గీత. చేతిరాతతోనే రాయాలని నేను పట్టుబట్టాను. టిక్కులు పెట్టిస్తే మనిషి ఆలోచించడం మానేస్తాడని నా సిద్ధాంతం. ఆ చేతిరాతను చదివి, వర్గాలుగా విడదీసే పని యంత్రానిది. యంత్రానికి అనుమానం వచ్చిన చోట నన్ను అడుగుతుంది.

మూడవ నెలలో ఒకనాడు అది నన్ను ఒక మాట అడిగింది. తెర మీద ఏదో బడి నుండి వచ్చిన వాక్యం: "మూడో వరుస పలకలేదు." దాని కింద యంత్రం ప్రశ్న: "ఇది ఒక మాటా, రెండు మాటలా?"

నా తీర్మానానికి ఎంతసేపు పట్టిందో నమోదై ఉంది. నాలుగు సెకన్లు. పథకమంతా పలకల గురించి. ఫారం పలకల గురించి. కనుక "మూడో వరుస పలక లేదు." అయితే "వరుసకు" అని ఉండాలి కదా, ఆ "కు" ఏది? తొందరలో వదిలేసి ఉంటారు. ఉపాధ్యాయుల భాషలో విభక్తులు ఎలా జారిపోతున్నాయో వ్యాసం రాసిన మనిషిని నేను. వారి వ్యాకరణాన్ని మనసులోనే దిద్ది, "రెండు మాటలు" అని నొక్కాను. "ఇకపై ఇదే నియమం పాటించాలా?" అని అడిగింది. పాటించమన్నాను.

ఆనాటి నుండి ఆ మాట ఎక్కడ కనబడినా "సరఫరా కొరత" అనే వర్గంలోకి వెళ్ళింది. ఆ వర్గం పెరుగుతూ వచ్చింది. నేను సంతోషించాను. పలకలు చాలడం లేదని ఇంతమంది రాస్తున్నారంటే, ఉపాధ్యాయులు వాటిని కోరుతున్నారనే కదా. ఏ బడి నుండి ఆ మాట వస్తే ఆ బడికి అదనపు పలకలు పంపించే ఏర్పాటు జరిగింది. మా ఊరి బడికి నాలుగు విడతలుగా నలభై అట్టపెట్టెలు వచ్చాయి.

ఆ నెలల్లో మా ఇంట్లో జరిగిన మార్పు కూడా చెప్పాలి. ధాత్రి పేచీ మానింది. కంచంలో అన్నం అయిపోతే మళ్ళీ పెట్టమనేది కాదు, కంచం ముందు కూర్చుని ఉండేది. వానలో తడిసి వచ్చి, తడి బట్టలతోనే వాకిట్లో నిలబడేది. పిలిస్తే తల తిప్పి చూసేది, కళ్ళతో మన ముఖం వెతికేది, అంతే. సుమిత్ర ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేస్తుంది. సాయంత్రం అలసి వచ్చి, దీనికి ఆకలేస్తే చెప్పదేమిటని ఒకటి రెండుసార్లు అడిగింది. తొమ్మిదేళ్ళు నిండాయి, ఓర్పు వచ్చిందన్నాను. పరీక్షల్లో ధాత్రికి అన్నిటిలోనూ తొంభై పైన. వచ్చిన అతిథులకు మా మనుమరాలు ఎంత నెమ్మదస్తురాలో చెప్పుకొని మురిసిపోయాను. కొలత నా వృత్తి. ఆ నిశ్శబ్దాన్ని నేను కొలిచినది ఓర్పుగా.

జనవరి ఇరవై మూడున ఆఖరి పీరియడు ఆటలు. పలకలన్నీ క్లాసులో వాటి అరల్లో ఉన్నాయి. ధాత్రి గెంతే తాడు కోసం సామాన్ల గదిలోకి వెళ్ళింది. కప్పు దాకా పేర్చిన అట్టపెట్టెల వెనక కొక్కేనికి ఆ తాడు ఉంటుంది. పిల్ల సందులో దూరి లాగింది. పెట్టెలు కూలాయి. ఎడమ కాలు మోకాలి కింద నుండి వాటి కింద చిక్కుకుంది. మీద పడినవి తెరవని పలకలు, మూడు వందలకు పైగా.

బడి విడిచిపెట్టే వేళకు పిల్ల లేదు. యంత్రంలో మాత్రం ఉంది. ఆమె పలక అరలో ఉంది కనుక ఆమె హాజరుగానే ఉంది. వెతుకులాట ఆలస్యం కావడానికి అదొక కారణం. మాకు కబురు వచ్చేసరికి నాలుగు దాటింది. బావి గిలక దగ్గర, ప్రహరీ వెనక, మరుగుదొడ్లలో, ఏటి గట్టున వెతికాం. సామాన్ల గది తలుపు రెండుసార్లు తీశారు. ఒకసారి తీసింది నేనే. చీకటిగా ఉంది, పెట్టెలు పడి ఉన్నాయి. "ధాత్రీ" అన్నాను. ఒక క్షణం ఆగాను. జవాబు లేదు. తలుపు వేశాను.

ఐదు నలభైకి పోలమ్మ అన్నం గుండిగ సామాన్ల గదిలో పెట్టడానికి వెళ్ళి, దానికోసం పెట్టెలు పక్కకు నెట్టబోతే పిల్ల చెయ్యి తగిలింది. ఆమె వేసిన కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. పిల్ల కళ్ళు తెరిచే ఉంది. పోలమ్మ ముఖం వైపే చూస్తోంది.

అరగంటలో బయటికి తీసి ఉంటే పాదం దక్కేదని శస్త్రవైద్యుడు చెప్పాడు. రెండున్నర గంటలు రక్తం ఆడలేదు. మూడవ రోజున ఎడమ పాదం ముందు భాగం తీసివేశారు. శస్త్రచికిత్స గది బయట సుమిత్ర నాతో ఒక్క మాటే అన్నది. "దాన్ని ఆ బడిలో వెయ్యమన్నది నువ్వేనమ్మా." అరవలేదు, ఏడవలేదు. ఒక వాస్తవాన్ని నమోదు చేసినట్టు చెప్పి, గోడ వైపు తిరిగింది.

ఐదవ రోజున మంచం పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. ధాత్రికి తెలివి బాగా వచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"నేను తలుపు తీసి పిలిచాను కదా తల్లీ. ఎందుకు పలకలేదు?"

పిల్ల నా ముఖంలోకి చూసింది. ఇంత తెలిసినదాన్ని ఇటువంటి ప్రశ్న ఎందుకు అడుగుతున్నావన్న ఆశ్చర్యం ఆ కళ్ళలో ఉంది.

"పలక లేదుగా, అమ్మమ్మా."

నా ప్రశ్నను నాకే తిప్పి చెబుతోందనుకున్నాను. నొప్పి మందుల మైకం అనుకున్నాను. మళ్ళీ అడిగాను. ఈసారి ఇంకా విడమర్చి చెప్పింది, మొద్దు పిల్లకు చెప్పినట్టు. "నా పలక క్లాసులో ఉందిగా. నా దగ్గర లేదు. నొప్పి అని మీకెలా తెలుస్తుంది మరి?"

"నువ్వు చెప్పొచ్చు కదమ్మా."

ధాత్రి చాలాసేపు ఆలోచించింది. ఆ మాట ఆమెకు కొత్త. అటువంటి వీలు ఒకటి ఉన్నదని ఎవరో ఇప్పుడే చెప్పినట్టు చూసింది.

నేను అక్కడి నుండి లేచి వరండాలోకి వచ్చాను. ఆసుపత్రి బల్ల మీద కూర్చుండిపోయాను. పలక లేదు. పలకలేదు. నా పెదవులు ఆ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి అంటున్నాయి. చెవికి భేదం లేదు. మూడో వరుస పలకలేదు. ఆ వాక్యంలో "కు" జారిపోలేదు. అక్కడ "కు" ఉండవలసిన పని లేదు. ఆ ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో ఏ పొరపాటూ లేని తెలుగు రాశారు. మూడో వరుసలోని పిల్లలు పిలిస్తే పలకలేదని రాశారు. దిద్దనక్కరలేని వాక్యాన్ని నేను దిద్దాను.

మర్నాడు విశాఖ వెళ్ళాను. నీలకంఠం పరిశోధనశాలలో పద్నాలుగు నెలల ఫారాలన్నీ తెరిపించి, "సరఫరా కొరత" వర్గాన్ని మొదటి నుండి చదివాను. యంత్రం విడదీసిన ప్రతిచోటా కలుపుకుంటూ చదివాను. "పేరు పిలిచాను, పలకలేదు." "ఐదో బెంచీ పలకలేదు." "తలుపు సందులో వేలు నలిగింది, పిల్ల పలకలేదు." "నలుగురు తప్ప ఎవరూ పలకలేదు." రెండు నెలల తరువాత, అదే చేతిరాతలో, "ఎవరూ పలకలేదు." మొత్తం ఏడువేల రెండువందల పద్నాలుగు.

నీలకంఠం నా వెనక నిలబడి చదువుతున్నాడు. చాలాసేపటికి ఏదో అనబోయాడు. "ప... పలక..." అని ఆగిపోయాడు. నత్తి ఆ మాటను పట్టుకుంది. ముఖం ఎర్రబడింది, మెడ నరాలు బిగిశాయి. "...లేదు" అన్నది ఎంతో సేపటికి గాని రాలేదు. ఆ రెండు ముక్కల మధ్య ఎడంలో, అతను ఏ మాట అనదలచాడో నాకు తెలియలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

మా ఊరు తిరిగివచ్చి కనకం టీచరు ఇంటికి వెళ్ళాను. ఆవిడ రాసిన ఫారాలు ముందు పెట్టి, నా పొరపాటు ఏమీ దాచకుండా చెప్పాను. ఆవిడ విన్నారు. కళ్ళజోడు తీసి, తుడుచుకొని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అదేటండీ మేడంగారూ," అన్నారు. "మేవేటనుకున్నామో తెలుసాండీ? గుంటలు పలకలేదని రాసేను. పలకలు పంపీసారు. మళ్ళీ రాసేను. మళ్ళీ పంపీసారు. ఎటకారం అనుకున్నామండీ. పైనున్నవోళ్ళు మా మీద జోకేస్తన్నారు అనుకున్నాం. స్టాఫ్ రూములో నవ్వుకున్నాం కూడాను. ఇంకోపాలి రాయండి మేడం, బీరువా కూడా పంపుతారు అని."

అటువంటప్పుడు నాకు ఒక్క ఫోను ఎందుకు చేయలేదని అడిగాను. అడుగుతున్నప్పుడే ఆ ప్రశ్న నా నోట అసహ్యంగా ఉందని తెలుస్తోంది. నేను అదే వీధిలో ఉంటాను. రోజూ ఆ బడి ముందు నుండే నడుస్తాను.

 కనకం టీచరు గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

"అదే ఇప్పుడు నానూ ఆలోచిస్తన్నానండీ. రోజూ ఫారం రాసీస్తన్నాం కదా, మీకు తెలిసిపోద్దిలే అనుకున్నాం. గుంటల్ని అని ఏటి లాభం? మేవూ అలగే అయిపోయాం." ఫారాలు నా వైపు జరిపి, "మీరూ మా క్లాసుకి ఒక్కపాలి రాలేదు కదండీ," అన్నారు.

ఆరువందల పన్నెండు మంది అభిప్రాయాలు సేకరించిన మనిషిని. పద్నాలుగు నెలల్లో ఒక్కరిని కూడా ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఏమంటున్నారని అడగలేదు. ఫారం నాకు చెబుతుందనుకున్నాను. నాకూ ఒక పలక ఉంది.

ఫిబ్రవరి పదిన రాష్ట్రస్థాయి సంఘం సమావేశమైంది. ఎరుక పలకను అన్ని ప్రాథమిక పాఠశాలలకూ విస్తరించాలా వద్దా అన్నది ఆనాటి విషయం. ఆధారపత్రం నా నివేదిక. నూటికి డెబ్బై ఒక్క మంది ఉపాధ్యాయులు సుముఖం అన్నది అందులో మొదటి వాక్యం; పలకలు చాలలేదని రాసినవారందరినీ సుముఖుల్లోనే లెక్కవేశాను. ఆ వాక్యం తప్పని, ఎందుకు తప్పో, నేను నిలబడి చెప్పాను. సంఘాధ్యక్షుడు నెమ్మదిగల అధికారి. ఒక మాట మధ్యలో పెట్టిన ఎడం వల్ల ఇంత భేదం వస్తుందా అని నమ్మలేక, ఏడువేల సంఖ్యను రెండుసార్లు అడిగి రాసుకున్నారు.

తరువాత నీలకంఠం లేచాడు. అతని తరఫున సహాయకురాలు చదవడానికి కాగితం సిద్ధంగా ఉంది. అతను ఆ కాగితం తీసుకొని మడిచి, తానే మాట్లాడాడు. మూడే వాక్యాలు. వాటికి నాలుగు నిమిషాలు పట్టింది. 

"నేను అడగలేకపోయాను. అందుకని ఎవరూ అడగనక్కరలేదనుకున్నాను. ఆ రోజు క్లాసు నవ్వకుండా ఆగి ఉంటే చాలు, ఈ పలక అక్కరలేకపోయేది."

విస్తరణ ఆగింది. ఉన్న నూట ఎనభై బడుల్లో మాత్రం పలకలు ఉండాలన్నారు. తీసివేయాలంటే ఉపాధ్యాయుల అభిప్రాయం మళ్ళీ సేకరించాలట. కొత్త ఫారం రాసిపెట్టమని నన్నే అడిగారు. ఫారం రాయనని, బడులకు వెళ్ళి అడుగుతానని చెప్పాను. ఇప్పటికి ఇరవై మూడు బడులు తిరిగాను. ప్రతిచోటా ఉపాధ్యాయులు మొదట కాసేపు మాట్లాడరు. నా చేతుల్లో కాగితం కోసం చూస్తారు.

జూన్‌లో బడులు తెరిచారు. ధాత్రి చంక కర్రతో ఐదవ తరగతికి వెళ్ళింది. ఆ క్లాసు కూడా కనకం టీచరుదే. మొదటి పీరియడులో పలకలను అరల్లోనే ఉంచి, హాజరు తానే పిలిచేందుకు ఆవిడ వ్రాతపూర్వకంగా అనుమతి సంపాదించారు. సుమిత్రకు ఉదయం విధులు. కనుక పిల్లను దింపి, నేను వరండాలో స్తంభం పక్కన నిలబడేదాన్ని.

నలభై ఒక్క పేర్లు. మొదటి రోజు ఒక్కరూ పలకలేదు. పిలిచిన పేరు గల పిల్ల తల ఎత్తేది, టీచరు ముంజేతి వైపు చూసేది. అక్కడ పట్టీ లేదు. కనకం టీచరు ప్రతి పేరు తరువాతా ఆగేవారు, చాలాసేపు. ఆ తరువాత రిజిస్టరులో గుర్తేమీ పెట్టకుండా మరో పేరు పిలిచేవారు. రెండవ రోజూ అంతే. ఎనిమిది రోజులూ అంతే. పదకొండు నిమిషాల పని గంట దాటేది. ధాత్రి పేరు వచ్చినప్పుడు నేను చేతిగడియారం చూడకుండా ఉండడానికి చేతులు వెనక్కి కట్టుకునేదాన్ని. ఆమె పెదవులు కొద్దిగా విడివడేవి. చూపు డెస్కు మీద పలక ఉండవలసిన ఖాళీ మీదకు పోయేది. పెదవులు మళ్ళీ మూసుకునేవి. పాదం పోయింది, అది తిరిగిరాదని మాకు తెలుసు. మిగిలినదైనా తిరిగి వస్తుందా అన్నదే ఇక మా ఇంట్లో ప్రశ్న. అది మేము పైకి అనుకునేవాళ్ళం కాదు.

తొమ్మిదవ రోజున కనకం టీచరు ఎప్పటిలాగే మొదలుపెట్టారు. త్రివేణి. దమయంతి. దివ్యశ్రీ. ప్రతి పేరు తరువాతా అదే ఎడం. తరువాత రావలసింది ధాత్రి.

"నవనీత," అన్నారు ఆవిడ.

పొరపాటు పడ్డారనుకున్నాను. చివరిదాకా పిలిచారు. ధాత్రి పేరు రాలేదు. రిజిస్టరు మూసి, సుద్దముక్క తీసుకొని, బోర్డు వైపు తిరిగి తేదీ వేయడం మొదలుపెట్టారు. తప్పును దిద్దడం నా స్వభావం. గడపలోకి ఒక అడుగు వేసి నోరు తెరిచాను. ఆవిడ వెనక్కి తిరగకుండానే, సుద్ద పట్టుకున్న చెయ్యి కొంచెం ఎత్తి నన్ను ఆపారు. అప్పటికి గాని అర్థం కాలేదు. పలక ఎవరినీ మరిచిపోదు. ఇది మనిషి మాత్రమే చేయగల పని.

తేదీ పూర్తయింది. ఆవిడ దాని కింద గీత గీశారు, రెండవ గీత గీశారు. మూడో వరుసలో చంక కర్ర నేలకు రాసుకున్న చప్పుడైంది.

"టీచర్." ఆ గొంతు బొంగురుగా, ఎక్కువ కాలం వాడని తలుపులా ఉంది. "నన్ను పిలవలేదు."

కనకం టీచరు చెయ్యి బోర్డు మీదే ఆగింది.  వెనక్కి తిరగలేదు.

"పిలిచానే," అన్నారు, వీలైనంత మామూలుగా. "ఏ పేరమ్మా?"

"ధాత్రి."

మిగిలిన నలభై మందీ తలలు తిప్పారు. కొందరు కిటికీ వైపు చూశారు, కొందరు పలకలున్న అరల వైపు చూశారు. ఆ శబ్దం ఎక్కడి నుండి వచ్చిందో వెతుకుతున్నారు.